ఆ జడ ఎవరల్లారు?

మొన్న సంక్రాంతి సెలవులకి మా చెల్లెలి కూతురు డాలస్ నుంచి వచ్చింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఏడో ఏట నుంచీ కూచిపూడి నేర్చుకుంటోంది. వచ్చిన మర్నాడే "పెద్దమ్మా, నన్ను కూచిపూడి తీసుకెళ్ళవా?" అని పట్టుకుంది. గుడివాడ నుంచి పామర్రు వెళ్ళి, అక్కడ చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే కూచిపూడి ఎంతో దూరం లేదు. దాన్ని దాటి కాస్త వెళితే మొవ్వ. ఒక పూటలో రెండూ చూసి రావచ్చు. వరికోతలైపోయి, ఆ కొయ్యకాళ్ళ మధ్యే మినుము పచ్చగా లేచివుంది. కాలవ గట్లమీద పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. ఆ దారి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చూడాల్సిన ఊరుగా దాన్ని ఎప్పుడూ చూడలేదు.

దారిలో ఆ పిల్ల కిందటేడు వేసవిలో చూసొచ్చిన ఊరి గురించి చెప్పింది. ఇటలీలో, టస్కనీ కొండల మీద మొంటాల్చీనో అనే చిన్న ఊరు. పాత కోట, రాళ్ళు పరిచిన సందులు, చుట్టూ వాలులమీద ద్రాక్షతోటలు. అక్కడి వైన్ పేరులోనే ఊరి పేరు ఉంటుంది - బ్రునెల్లో ది మొంటాల్చీనో. ఆ ఊరి పొలిమేరల్లో పండిన ఫలానా రకం ద్రాక్షతో చేస్తే తప్ప సీసా మీద ఆ పేరు వేయడానికి వీల్లేదట. 1980లో ఆ దేశపు అత్యున్నత గుర్తింపు కూడా దానికి దక్కింది. "మన కూచిపూడి కూడా అంతే కదా పెద్దమ్మా! ఊరి పేరే డాన్స్ పేరు!" అంది ఉత్సాహంగా.

నిజమే. భరతనాట్యానికి గానీ కథక్‌కి గానీ ఊరి పేరు లేదు. కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరి పేరు మాత్రం ప్రపంచమంతా తిరుగుతోంది. 2016లో విజయవాడలో ఒకేసారి 6,117 మంది కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే.

ఊళ్ళో దిగాం. రామలింగేశ్వరుడి గుడి చూశాం. సిద్ధేంద్రయోగి పేరుమీద నడిచే కళాపీఠం చూశాం. గుడి ముందు నిలబడి నాలుగు అడవులు వేసి ఫోటో తీయించుకుంది. తర్వాత నీళ్ళు తాగుతూ మామూలుగానే అడిగింది: "ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ ఊళ్ళోనే ఆడిన ఫస్ట్ విమెన్ డాన్సర్ ఎవరు పెద్దమ్మా?"

ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినదాన్ని. చిన్నప్పుడు ఈ నృత్యం నేర్చుకున్నదాన్ని. నాకు చప్పున ఒక్క పేరు తట్టలేదు. గురువుల పేర్లు అడిగితే ఇంటిపేర్లతో సహా గడగడా చెప్పేదాన్ని. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల... ఆ ప్రశ్న తేలికైంది. తేలికైన ప్రశ్నకి జవాబు దొరకలేదంటే తప్పు నా జ్ఞాపకశక్తిదా, నాకు చెప్పిన చరిత్రదా? ఈ వ్యాసం ఆ ఆలోచన నుంచి పుట్టింది.

ఈ ఊరి కథని ఒక రచనలా చదివి చూద్దాం. పదిహేడో శతాబ్దంలో సిద్ధేంద్రయోగి భామాకలాపం రాశాడనీ, ఊళ్ళో పుట్టిన ప్రతి బ్రాహ్మణ మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడనీ అంటారు. బందరు వెళుతూ ఇక్కడ ఆట చూసి మురిసిపోయిన గోల్కొండ తానీషా ఆ కుటుంబాలకి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని మరో కథ. 1763 నాటి ఆస్తి పంపకం కాగితంలో ఆ కుటుంబాల ఇంటిపేర్లున్నాయి. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ జరిపిన నృత్య సదస్సులో విస్సా అప్పారావు కూచిపూడి తరఫున వాదించారు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడి నుంచి కథ "స్త్రీల ప్రవేశం" అనే అధ్యాయంలోకి వస్తుంది. యామినీ కృష్ణమూర్తి, శోభానాయుడు మొదలైన పేర్లు వినిపిస్తాయి.

ఈ కథలో కొంత ఐతిహ్యం, కొంత చరిత్ర. రెండింటిలోనూ కథ నడిపేది మగవాళ్ళే. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, రాసినవాడు, ఆడినవాడు, వాదించినవాడు. అయినా కథ మొత్తం ఒక ఆడమనిషి చుట్టూ తిరుగుతుంది. ఆమె సత్యభామ. తెర వెనక నిలబడి, తెరమీదుగా తన పొడుగాటి జడని ప్రేక్షకుల మీదికి సవాలులా విసిరే సత్యభామ. నన్ను మించి ఆడగలవాళ్ళుంటే ఈ జడ కోసెయ్యమని ఆ సవాలుకి అర్థం చెబుతారు. ఆడదాని పొగరుకి ఇంతకంటే అందమైన గుర్తు మన రంగస్థలం మీద మరొకటి లేదేమో! కానీ కొన్ని తరాలపాటు ఈ ఊళ్ళో ఆ జడ వేసుకుని తెర ముందుకొచ్చింది మగవాళ్ళు.

వేదాంతం సత్యనారాయణశర్మ గారి (1935-2012) సత్యభామ గురించి ఎవరిని కదిలించినా ఒకటే మాట - ఆడవాళ్ళు ఆయన్ని చూసి ఆడతనం నేర్చుకోవాలి. ఆయన అభినయం గొప్పది. అందులో సందేహం లేదు. నాకు అనుమానమల్లా ఆ ప్రశంస మీదే. ఆడతనం ఆడవాళ్ళకి చేతకాని విద్య అనీ, అది కొన్ని ఇళ్ళ మగవాళ్ళకి వారసత్వంగా వచ్చే ఆస్తి అనీ ఆ మాట ఒప్పుకుంటోంది కదా! హర్షిత మృత్తింటి కామత్ 2019లో ఇంగ్లీషులో అచ్చయిన తన పుస్తకంలో ఈ ముడినే విప్పింది. స్త్రీ వేషం కట్టడం ఈ ఊరి బ్రాహ్మణ పురుషుడికి చిన్నతనం కాలేదు, అది అతనికి అధికారాన్నీ గౌరవాన్నీ తెచ్చింది, స్త్రీలే వేదికమీదికొచ్చాక ఆ అధికారం సడలడం మొదలైంది అని ఆమె వాదన. అదే పుస్తకంలో ఆ ఊరి కుటుంబాల ఆడవాళ్ళ గురించి ఒక అధ్యాయం ఉంది. నాట్యమున్న ఇళ్ళలో పుట్టి, నాట్యమున్న ఇళ్ళలో మెట్టి, దరువులన్నీ చెవినపడుతున్నా కాలు కదపని ఆడవాళ్ళు. మా పిల్ల అడిగిన ప్రశ్న వాళ్ళ గురించే. ఈ ఊరి పేరు ప్రపంచమంతా తిరిగింది కానీ వాళ్ళకి ఇంటి గడప దాటి అరుగుమీదికి రావడమే పెద్ద ప్రయాణమయింది.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే మనకి బాగా అలవాటైన స్త్రీవాద విమర్శ ఒకటి పూర్తవుతుంది. మగవాళ్ళు ఆడారు, ఆడవాళ్ళని ఆడనివ్వలేదు, తర్వాత ఆడవాళ్ళు సాధించుకున్నారు. నేనూ చాలాకాలం ఇలాగే చెప్పాను. కానీ మొవ్వ దారి పట్టేసరికి ఈ కథ నిలవదు.

మొవ్వ వేణుగోపాలస్వామి గుడి చిన్నది. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది, మండపంలో ఎవరూ లేరు. ఇది క్షేత్రయ్య ఊరని, మువ్వగోపాలుడు ఈ దేవుడేనని మా ప్రాంతం వాళ్ళ నమ్మకం. ఈ ఊరి దేవదాసి మోహనాంగి మీద మనసుపడి, ఆమె మాటకోసం విద్య నేర్చి వరదయ్య అనే గోపాలకుడు క్షేత్రయ్య అయ్యాడని ఐతిహ్యం. గమనించండి, ఈ ఐతిహ్యంలో ఆడమనిషికి పేరుంది. ఆమెకి విద్య ఉంది. ఆమె షరతు పెట్టగలదు. అయినా కథలో ఆమె పని అతన్ని కవిని చేయడంతో సరి. ఆ తర్వాత ఆమె ఏమైందో ఎవరూ అడగలేదు. మెట్టుగా పనికొచ్చింది, ఎక్కినవాడు పైకి వెళ్ళాడు.

క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది దాదాపుగా ఆడమనిషే. చాలా పదాల్లో ఆమె వేశ్య. అలుగుతుంది, దెప్పుతుంది, ఇంకొకతె ఇంటినుంచి వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెడుతుంది, సొమ్ము మాట కూడా ఎత్తుతుంది. ఈ పదాల్ని మన విమర్శ రెండు రకాలుగా చదివింది. ఒకటి పాత పద్ధతి - ఇదంతా జీవాత్మ పరమాత్మ కోసం పడే తపన, బూతు అనుకుంటే మన దృష్టిదోషం. రెండోది మనది - చూడండి, ఆ రోజుల్లోనే ఒక స్త్రీ తన కోరికని ఇంత బాహాటంగా చెప్పింది! మొదటి చదువు ఆమె శరీరాన్ని మాయం చేసింది. రెండోది ఆమె పనిని మాయం చేసింది. అది ఆమె వృత్తి అనీ, గుమ్మంలో ఉన్నవాడితో ఆమె ఆడే మాటల్లో బేరం కూడా ఉందనీ, పదం రాసినవాడు మగవాడనీ, దాన్ని పాడి ఆడి బతికిన ఆడమనిషి వేరే ఉందనీ మనం పక్కన పెట్టేశాం. వెల్చేరు నారాయణరావు, ఏ.కె. రామానుజన్, డేవిడ్ షుల్‌మన్ 1994లో తెచ్చిన అనువాద సంపుటం పేరులోనే దేవుణ్ణి ఖాతాదారుగా చూపించారు. ఆ చూపు పడ్డాకే ఈ పదాలు నాకు కొత్తగా వినిపించాయి.

మరి ఆ ఆడమనిషి ఎవరు? కృష్ణా గోదావరి డెల్టాల్లో గుళ్ళలోనూ జమీందార్ల కచేరీల్లోనూ పెళ్ళిళ్ళ మేజువాణీల్లోనూ ఆడి పాడిన కళావంతుల స్త్రీ. కూచిపూడిలో మగవాళ్ళు సత్యభామ వేషం కడుతున్న రోజుల్లోనే గోదావరి వైపు కళావంతుల ఆడవాళ్ళు భామాకలాపం ఆడారు. ముమ్మిడివరం అన్నాబత్తుల బులివెంకటరత్నం పేరు ఆ కలాపంతోనే ముడిపడివుంది. బల్లిపాడు మదనగోపాలస్వామి గుడిలో ఆడిన సారిడే మాణిక్యమ్మ అభినయాన్ని తర్వాతి తరాలు వెతుక్కుంటూ వెళ్ళి నేర్చుకున్నాయి. నటరాజ రామకృష్ణ ఇలాంటివాళ్ళని ఒకచోటికి చేర్చి, వారి విద్యకి ఆంధ్రనాట్యమని పేరుపెట్టి నిలబెట్టడానికి పాటుపడ్డారు. మువ్వగోపాల పదాలైతే మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంటి ఆడవాళ్ళ గొంతుల్లో బతికాయి. ఆమె మనవరాలు బాలసరస్వతి వాటిని అభినయించింది. వాళ్ళ ఇంటి భాష తెలుగు కాదు. తెలుగు ఇళ్ళలో పాడకూడనివైపోయిన తెలుగు పదాల్ని వాళ్ళు దాచారు.

కాబట్టి "స్త్రీల ప్రవేశం" అన్న మాటే తప్పు. ఈ డెల్టాలో నాట్యంలో స్త్రీలు ముందే ఉన్నారు. ప్రవేశించింది వేరే స్త్రీలు. దేవదాసీ అంకితాన్నీ, గుడి ప్రాంగణాల్లో, దేవుడి ఊరేగింపుల్లో వాళ్ళ ఆటనీ నిషేధిస్తూ మద్రాసు చట్టం వచ్చింది 1947లో. ఉన్నత కులాల ఆడపిల్లలు బారులు తీరిన మద్రాసు అకాడమీ మొదలైంది 1963లో. మధ్య దూరం పదహారేళ్ళు. ఒక తలుపు మూసుకుంటుంటే ఇంకో తలుపు తెరుచుకుంది. మూసుకున్న తలుపు వెనక ఉండిపోయిన పదాలూ జావళీలూ తెరుచుకున్న తలుపులోంచి, కొంచెం కడిగి శుభ్రంచేసి, మన పిల్లల అరంగేట్రాల్లోకి వచ్చాయి. మొంటాల్చీనోలో పేరు చేసినవాళ్ళ హక్కుని కాపాడుతుంది. ఇక్కడ కూచిపూడి అన్న ఒక్క పేరు కింద, చేసినవాళ్ళలో సగంమంది కనబడకుండా పోయారు.

సంస్కర్తల్ని తిట్టడానికి ఇది చెప్పడంలేదు. పసిపిల్లల్ని దేవుడికి అంకితమివ్వడం ఆగాల్సిందే. వేశ్యల నాట్యాన్ని ఎదిరించి నిలిచిన రఘుపతి వెంకటరత్నం నాయుడు 1862లో పుట్టింది మన బందరులోనే, అక్కడి నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పారు కూడా. కళావంతుల కులంలో పుట్టిన యామినీ పూర్ణతిలకమ్మ కూడా ఆ సంస్కరణ కోసం పనిచేసింది. అయితే ఆ ఉద్యమానికి కోపమంతా ఆడిన ఆడవాళ్ళమీదే, ఆడించుకున్న ఇళ్ళమీద కాదు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనం పూర్తిపాఠం అచ్చువేయిస్తే నిషేధించారు. అంతకంటే పచ్చిగా రాసిన మగకవుల కావ్యాలు అలమార్లలో క్షేమంగానే ఉన్నాయి. ఆ గొడవ మనలో చాలామందికి తెలిసిందే.

ఇక్కడ నా మాట చెప్పుకోవాలి.

నా పదకొండో ఏట గుడివాడలో ఒక మాస్టారి దగ్గర నన్ను చేర్పించారు. రెండేళ్ళ తర్వాత స్కూలు వార్షికోత్సవానికి ఒక క్షేత్రయ్య పదం నేర్పారు. పల్లవి, అనుపల్లవి, ఒకే చరణం. "మిగిలినవి మంచి ఇళ్ళ పిల్లలకి అక్కర్లేదమ్మా" అన్నారు. నాకు ఆ మాటలో తప్పేమీ తోచలేదు, పైగా గర్వంగా కూడా ఉంది. నేను మంచి ఇంటి పిల్లనన్నమాట.

ఆ సాయంత్రం నాకు జడ వేసింది మా అమ్మమ్మ. సవరం పెట్టి, పూలు కుట్టి, జడగంటలు కట్టి, గంటన్నర కూర్చోబెట్టింది. నేను పదం మననం చేసుకుంటుంటే, నేను ఆపిన చోట ఆవిడ ఆపలేదు. జడ పాయలు తిప్పుతూ, సన్నగా, తర్వాతి చరణం అందుకుంది. నేను తల తిప్పి చూశాను. "నీకెట్లా వచ్చు అమ్మమ్మా?" అన్నాను. "నా పెళ్ళికి అవనిగడ్డలో మూడ్రోజులు మేజువాణి పెట్టించారే. కిటికీలోంచి విన్నాం. ఆవిడ పాడుతుంటే..." అంటుండగానే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి "పిల్లముందు ఏం మాటలమ్మా అవి!" అంది. అమ్మమ్మ నోరు మూసుకుంది. జడ పూర్తి చేసింది. నేను వెళ్ళి ఆడి, కప్పు తెచ్చుకున్నాను.

ఆ చరణం నేను మళ్ళీ అడగలేదు. తర్వాత ఎమ్మేలో క్షేత్రయ్య మీద వ్యాసం రాశాను, శృంగారంలో భక్తితత్వం గురించి! ఆ తర్వాత స్త్రీవాదినయ్యాను, పదనాయిక స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలిచ్చాను. ఈ రెండు కాలాల్లోనూ అమ్మమ్మ మా ఇంట్లోనే ఉంది. లైబ్రరీలకి వెళ్ళాను కానీ ఆవిడ మంచం పక్కన కూర్చుని ఆ పాట పాడిన మనిషి పేరేంటని అడగలేదు. కిటికీలోంచి విన్న పదం నలభై ఏళ్ళకి పైగా ఆవిడలో ఉండిపోయింది. అది ఒక ఆడమనిషి నుంచి ఇంకో ఆడమనిషికి, కులం గోడ మీదుగా, ఎవరి అనుమతీ లేకుండా చేరిన విద్య. నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఆపింది మాస్టారూ అమ్మా మాత్రమేనని చాలాకాలం అనుకున్నాను. నేను కూడా ఆపాను.

అమ్మమ్మ పోయాక పాత పెట్టె సర్దుతుంటే తాతయ్య వాళ్ళింటి పెళ్ళి పద్దుల పుస్తకం దొరికింది. బియ్యం, నెయ్యి, పందిరి, పల్లకీ బోయీలు. బాజాభజంత్రీల మేస్త్రీకి పేరుంది. వంటబ్రాహ్మడికి పేరుంది. ఆ తర్వాత ఒక వరస - "మేళానికి", దాని పక్కన ఒక అంకె, ఒక పట్టుచీర. అంతే. మూడు రాత్రులు పాడిన మనిషికి ఆ పద్దులో పేరు లేదు.

ఇప్పుడు మనలో కొందరం కళావంతుల చరిత్రని "వెలికితీయాలని" బయల్దేరుతున్నాం. మంచి ఉద్దేశమే. కానీ ఆ కుటుంబాల్లో ఎంతోమంది తమ పాతపేరు వదిలి, పిల్లల్ని చదివించుకుని, అవమానాన్ని వెనక్కి నెట్టి ఇప్పటికి కుదురుకున్నారు. వాళ్ళ తలుపు తట్టి మీ అమ్మమ్మ ఏంచేసేదని అడిగే హక్కు మనకెక్కడిది? చెప్పాలనుకున్నవాళ్ళు చెబుతారు, చెప్పకపోవడం వాళ్ళ హక్కు. మనం అడగాల్సిన ఇళ్ళు వేరే ఉన్నాయి. మేళం పెట్టించుకున్న ఇళ్ళు. డబ్బిచ్చి, వినోదించి, తర్వాత ముక్కుమీద వేలేసుకుని, ఆ తర్వాత తమ ఆడపిల్లలకి అదే విద్య నేర్పించుకున్న ఇళ్ళు. బందరులో, గుడివాడలో, దివిసీమలో భూములున్న మా ఇళ్ళు. మన అటకలమీద పద్దులున్నాయి. కొన్ని ఇళ్ళలో కిటికీలోంచి విన్న ముసలమ్మలు ఇంకా ఉండొచ్చు. పదం పాఠమే కాదు, ఎవరు పాడారు, ఏ ఊరినుంచి వచ్చారు, ఎంతిచ్చారు, వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టారు, భోజనం ఎక్కడ పెట్టారు అన్నది కూడా రాసిపెట్టుకోవాలి. సిగ్గుపడాల్సింది ఉంటే అది మన పద్దు పుస్తకంలో ఉంది.

మొవ్వ గుడి మెట్లమీద కూర్చుని ఇదంతా మా పిల్లకి నాకు వచ్చిన ఇంగ్లీషు కలిపి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ పదం పేరడిగింది. చెప్పాను. "మా క్లాసులో నేర్చుకున్నాం పెద్దమ్మా, నాకు వచ్చు" అని ఫోనులో దాని పాట పెట్టింది. పల్లవి, అనుపల్లవి, ఒకే చరణం.

అక్కడ ఆగిపోయింది. నేను ఆపినచోటే. డాలస్‌లో కూడా మంచి ఇళ్ళ పిల్లలే ఉన్నారు.

మిగతా చరణాలు అచ్చు పుస్తకంలో దొరుకుతాయి. విస్సా అప్పారావు గారు పరిష్కరించిన సంపుటం ఇంట్లోనే ఉంది, రాత్రికి తీసి ఇస్తానన్నాను. ఇచ్చాను కూడా. అర్థం అడిగి అడిగి రాసుకుంది. అయితే పుస్తకంలో ఉన్నది మాటలే. పెళ్ళిపందిట్లో మూడు రాత్రులు పాడిన ఆవిడ ఆ చరణాన్ని ఎక్కడ సాగదీసిందో, ఏ మాట దగ్గర ఆగి చూసిందో, అమ్మమ్మ గొంతులో దాని నీడ ఒకటి ఉండేది. ఆ సాయంత్రం కొన్ని క్షణాలు విన్నాను. జడ బిగుతుగా ఉందని విసుక్కున్నది మాత్రం నాకు బాగా గుర్తుంది.